క్యాజిల్ గార్డెన్‌లో స్వీడన్ కోకిల

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు న్యూయార్క్‌లో మనం తప్పకుండా చూపించేది లిబర్టీ విగ్రహం. ఆ పడవకి టికెట్లు అమ్మేది బ్యాటరీ పార్కులో ఉన్న గుండ్రటి ఎర్రరాతి కోటలో. పేరు క్యాజిల్ క్లింటన్. టికెట్లు తీసుకుని, పడవ తప్పిపోతుందన్న తొందరలో బయట పడతాం గానీ, ఆ గోడల చరిత్ర ఎవరం పెద్దగా పట్టించుకోం.

బ్రిటిష్ వాళ్ళ నౌకలు వస్తే కాల్చడానికి 1808-1811 మధ్య కట్టిన కోట అది. ఫిరంగులతో అవసరం తీరిపోయాక, 1824లో దాన్ని క్యాజిల్ గార్డెన్ అన్న పేరుతో వినోదశాలగా మార్చారు. 1855 నుంచి 1890 వరకు అదే వలసదారుల రేవు. ఎల్లిస్ ఐలాండ్ రాకముందు, ఎనభై లక్షల మందికి పైగా ఈ దేశంలో మొదటి అడుగు వేసింది అక్కడే. ఆ వినోదశాల రోజుల్లో, 1850 సెప్టెంబరు 11 సాయంత్రం, మైకు లేకుండా, సుమారు ఐదు వేలమంది ముందు ఒక స్వీడన్ అమ్మాయి పాడింది. ఆమె పేరు జెన్నీ లిండ్. ఇంకో నెల రోజుల్లో ముప్ఫై నిండుతాయి.

ఈ పేరు మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికే ఉంది. కడ్డీలు పూసల్లా చెక్కిన పిల్లల క్రిబ్బుని ఇక్కడి కొట్లలో "జెన్నీ లిండ్ క్రిబ్" అంటారు. మా అమ్మాయి పుట్టినప్పుడు కొన్న క్రిబ్బు డబ్బామీద ఆ పేరు చూసి, ఎవరో డిజైనరు కాబోలు అనుకున్నాను. తర్వాత ఆమె గురించి చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను.

జెన్నీ 1820 అక్టోబరు 6న స్టాక్‌హోమ్‌లో పుట్టింది. అప్పటికి తల్లికీ తండ్రికీ పెళ్ళి కాలేదు. ఆ కాలంలో అది పిల్లకి ఎంత తలవంపో మనకి వేరే చెప్పక్కర్లేదు. కిటికీ దగ్గర కూర్చుని పిల్లికి పాటలు పాడుతున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు దారిన పోయే ఒక పనిమనిషి చెవిన పడిందట. ఆమె పనిచేసేది ఒక నర్తకి ఇంట్లో. అలా కబురు రాయల్ థియేటర్ దాకా వెళ్ళింది. థియేటర్ వారి బడిలో, వాళ్ళ ఖర్చుతోనే జెన్నీ పెరిగింది. 1838లో, పదిహేడేళ్ళ వయసులో, వేబర్ రాసిన 'డెర్ ఫ్రైషుట్స్' ఆపెరాలో కథానాయికగా పేరు తెచ్చుకుంది.

ఆపెరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. కథంతా పాటతోనే నడవాలి, వెనక వాద్యబృందం మోగుతున్నా చివరి వరసలో కూర్చున్నవాడికి మాట స్పష్టంగా అందాలి. మైకుల్లేని రోజుల్లో మన రంగస్థల నటులు "వన్స్ మోర్" కేకల మధ్య పద్యం మళ్ళీ మళ్ళీ ఎత్తుకోవడానికి పడిన శ్రమే ఇక్కడా ఉంది. జెన్నీ చిన్న వయసులోనే ఆ భారం అతిగా మోసింది. 1841 నాటికి ఇరవై ఏళ్ళకే గొంతు అరిగిపోయింది.

అప్పుడు ఆమె పారిస్ వెళ్ళి మాన్యుయెల్ గార్సియా అనే గురువుని ఆశ్రయించింది. ఆయన వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. కొన్ని వారాలు అసలు పాడొద్దు, మాట కూడా పొదుపుగా వాడమన్నాడు. ఆ తర్వాత ఊపిరి పట్టే పద్ధతి దగ్గర్నుంచి అన్నీ మొదటికి తెచ్చి నేర్పాడు. ఈ గార్సియాయే తర్వాత 1850లలో అద్దంతో తన స్వరతంత్రుల్ని తానే చూసుకుని, వైద్యులు గొంతు పరీక్షకి వాడే పద్ధతికి దారి తీశాడు. యంత్రాన్ని విప్పి చూసి గానీ నమ్మని మా ఇంజనీర్ల జాతి మనిషన్న మాట!

బాగుపడిన గొంతుతో జెన్నీ యూరప్ అంతా తిరిగింది. మెండెల్సన్ ఆమెకి ఆప్తమిత్రుడయ్యాడు. 1847లో లండన్‌లో ఆమె మొదటి ప్రదర్శనకి విక్టోరియా రాణి వచ్చింది. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో రాసిన కోకిల కథకి ప్రేరణ ఆమేనంటారు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు మనకి భారత కోకిల అయినట్టే జెన్నీ "స్వీడన్ కోకిల" అయింది. అంత పేరుండగానే, 1849లో, ఇరవై ఎనిమిదేళ్ళకి ఆపెరా వేషాలు మానేసింది. ఇక కచేరీలు మాత్రమే చేస్తానంది.

సరిగ్గా అప్పుడే ఆమె జీవితంలోకి పి. టి. బార్నమ్ వచ్చాడు. న్యూయార్క్‌లో వింతవస్తువుల మ్యూజియం నడిపేవాడు. 1835లో జోయిస్ హెత్ అనే బానిస వృద్ధురాలిని 161 ఏళ్ళ మనిషంటూ ఊరూరా చూపించి సొమ్ము చేసుకున్న చరిత్ర అతనిది. ఇప్పుడతనికి పరువు కావాలి. జెన్నీ పాట అతను ఒక్కసారైనా వినలేదు. అయినా కచేరీకి వెయ్యి డాలర్ల చొప్పున 150 కచేరీలకి ఒప్పందం పంపించాడు.

మన సభలకి కళాకారుల్ని రప్పించే కమిటీల్లో పనిచేసిన అనుభవంతో ఆ కాంట్రాక్టు చదివితే నాకు ముచ్చటేసింది. జెన్నీకి లక్షా యాభై వేలు, సంగీత దర్శకుడు బెనెడిక్ట్‌కి 25,000, గాయకుడు బెల్లెట్టికి 12,500. మొత్తం 1,87,500 డాలర్లు ముందుగానే లండన్‌లో జమ చెయ్యాలి! ఆ అమ్మాయికి ఎవరూ వ్యాపారం నేర్పక్కర్లేదు. బార్నమ్ ఆస్తులు తాకట్టు పెట్టి, చివర్లో తక్కువైన ఐదు వేలు ఫిలడెల్ఫియాలో ఒక పాస్టరు గారి దగ్గర అప్పు తెచ్చాడు. జెన్నీ లిండ్ వస్తోందని రైల్లో కండక్టరుకి చెబితే, ఆమె నాట్యగత్తెా అని అడిగాడట. దాంతో బార్నమ్‌కి గుండె జారిపోయిందని అతనే రాసుకున్నాడు.

ఆరు నెలల్లో పత్రికల ద్వారా అతను ఆ పేరు దేశమంతా మోగించాడు. సెప్టెంబరు 1న 'అట్లాంటిక్' ఓడ దిగేసరికి రేవు నిండా వేలాది జనం. టికెట్లు వేలం వేస్తే మొదటిది 225 డాలర్లకి జెనిన్ అనే టోపీల వ్యాపారి పాడుకున్నాడు. బోస్టన్‌లో ఇంకొకాయన 625 దాకా వెళ్ళాడు. మొదటి కచేరీ వసూలు 17,864 డాలర్లు. తన వాటాని జెన్నీ న్యూయార్క్ ధర్మసంస్థలకి ఇచ్చేసింది. ప్రకటించిన పదివేలలో మూడు వేలు అగ్నిమాపక దళం నిధికి వెళ్ళాయి.

2017లో వచ్చిన 'ద గ్రేటెస్ట్ షోమ్యాన్' సినిమా చూసినవాళ్ళు ఆమె బార్నమ్‌ని ప్రేమించి భంగపడిందనుకుంటారు. దానికి చారిత్రక ఆధారం లేదు. ఆమెకి నచ్చనిది అతని ఆర్భాటం. పాటని సంతలో సరుకులా వేలం వెయ్యడం ఆమెకి గిట్టలేదు. హవానా, న్యూఆర్లియన్స్ దాకా తిరిగి, 93 కచేరీలయ్యాక, 1851 జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఒప్పందం రద్దు చేసుకుంది. అందుకు కాంట్రాక్టు ప్రకారం 25,000, వంద పూర్తికాని ఏడు కచేరీలకి వెయ్యేసి చొప్పున 7,000, వెరసి 32,000 డాలర్లు తిరిగి కట్టింది. తర్వాత తన కచేరీలు తానే ఏర్పాటు చేసుకుంది. బాజాలు లేకపోయేసరికి జనం కొంత తగ్గారు. 1852 ఫిబ్రవరిలో బోస్టన్‌లో తన పియానో సహకారి ఆటో గోల్డ్‌ష్మిట్‌ని పెళ్ళి చేసుకుని, మే నెలలో మళ్ళీ క్యాజిల్ గార్డెన్‌లోనే వీడ్కోలు కచేరీ చేసి ఓడ ఎక్కేసింది.

న్యాయంగా చెప్పాలంటే బార్నమ్ లేకపోతే అమెరికాలో అంతమంది ఆమెని వినేవాళ్ళు కాదు. ఆమె పాటలో సత్తా లేకపోతే అతని బాజా రెండో ఊరితోనే ఆగిపోయేది. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడింది. కానీ ఎంతవరకు అన్న గీత మాత్రం ఆమే గీసింది, దానికి ఖరీదు కూడా ఆమే చెల్లించింది. వేదిక కోసం పరుగులు పెట్టే మన పిల్లలకి, వేదిక ఎక్కించే మనకీ ఈ భాగం చెప్పుకోదగ్గది.

ఆ డబ్బంతా ఏమైంది? బార్నమ్ లెక్క ప్రకారం అతని ఏర్పాటులో ఆమెకి మిగిలింది 1,76,675 డాలర్లు. తన అమెరికా సంపాదనలో పెద్ద భాగం ఆమె దానధర్మాలకి, ముఖ్యంగా స్వీడన్‌లో పేదపిల్లల ఉచిత బడులకి కేటాయించింది. 1848లో మెండెల్సన్ స్మృతికి లండన్‌లో పాడి కూడబెట్టిన నిధితో ఏర్పడ్డ స్కాలర్‌షిప్పుని 1856లో మొదట అందుకున్నవాడు ఆర్థర్ సల్లివాన్, తర్వాత ఇంగ్లండులో ఎంతో పేరు పొందిన స్వరకర్త. 1883లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ మొదలైనప్పుడు ఆమె అక్కడ ఆచార్యురాలైంది. 1887లో కన్నుమూసింది. 1996లో స్వీడన్ తన 50 క్రోనర్ల నోటుమీద ఆమె బొమ్మ వేసింది. 2015లో కొత్త నోటు వచ్చేదాకా అదే నడిచింది.

ఆమె గొంతు మాత్రం మనకి మిగల్లేదు. వినడానికి ఒక్క రికార్డింగూ లేదు. అయిదు వేలమందిని కదలకుండా కూర్చోబెట్టిన ఆ స్వరం ఎలా ఉండేదో ఊహించుకోవలసిందే. మన ఊళ్ళలో అమెరికా డబ్బుతో కట్టిన బడిగదుల గోడలమీద చెక్కిన పేర్లు చూసినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది. పరాయి దేశంలో సంపాదించినది సొంత ఊరి బడికి పంపడం మనతో మొదలైన ఆచారం కాదు. నూట డెబ్భై ఏళ్ళకి పూర్వమే, ఇదే రేవులో దిగిన ఒక అమ్మాయి, పాటలు పాడి ఆ పని చేసింది.