విడుదల పత్రం: పుట్టుపూర్వోత్తరాలు

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరై సముద్రంలో కలుస్తుంది. ఒకపక్క పోర్టు, ఇంకోపక్క రొయ్యల గుంటలు. గుంటల గట్ల మీద, కాలువల వారన, ఊరి చివర యానాదుల గుడిసెలు ఉంటాయి. చేపలు పట్టడం, పొలాల్లో ఎలకలు పట్టడం, గుంటలకు, తోటలకు కాపలా కాయడం వాళ్ల బతుకుతెరువు. నెల్లూరు జిల్లాలో ఈ తెగవాళ్ల చేతికి అప్పుడప్పుడు ఆర్డీఓ సంతకంతో ఒక కాగితం అందుతుంది. ఫలానా మనిషి వెట్టి నుంచి విముక్తుడయ్యాడు, యజమాని దగ్గర అతనికున్న అప్పు ఇక చెల్లదు అని అందులో ఉంటుంది. దాన్నే విడుదల పత్రం అంటారు. ఉన్నది ఒక్క పేజీయే అయినా దాని వెనక నూట ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది.

అప్పు కట్టిన ముడి

వెట్టి మొదలయ్యేది అడ్వాన్సుతో. జబ్బు చేసినప్పుడో, పెళ్లి కుదిరినప్పుడో, వానాకాలంలో పని దొరకనప్పుడో యజమాని డబ్బిస్తాడు. దానికి బదులు కుటుంబమంతా గుంట దగ్గరో ఇటుక బట్టీ దగ్గరో కాపురం పెట్టి పనిచేయాలి. కూలిలో కొంత అప్పు కింద జమ చేస్తానంటాడు. లెక్క రాసేది అతనే, చదవగలిగేదీ అతనే. ఇంకోచోట ఎక్కువ కూలి దొరికినా వెళ్లడానికి ఉండదు. తండ్రి పోతే అప్పు కొడుకు మీద పడుతుంది. గొలుసు లేదు, తాళం లేదు. అయినా ఆ మనిషి కదలలేడు. అందుకే దీన్ని పట్టుకోవడం చట్టానికి చాలాకాలం చేతకాలేదు.

పేరు మారిన బానిసత్వం

మన దేశంలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని కంపెనీ ప్రభుత్వం 1843లో చట్టం చేసింది. మనిషిని కొనడం, అమ్మడం 1860 నాటి శిక్షాస్మృతితో నేరమైంది. భూస్వామికి దానివల్ల పెద్దగా ఇబ్బంది కలగలేదు. మనిషిని కొనే బదులు అతనికి అప్పిచ్చి ఉంచుకోవడం మొదలైంది.

అదే కాలంలో అమెరికాలోనూ ఇలాగే జరిగింది. అంతర్యుద్ధం ముగిసిన 1865లో పదమూడో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. దాదాపు 40 లక్షల మందికి స్వేచ్ఛ దొరికింది. ఆ ఏడాది జనవరిలోనే ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ దక్షిణాది తీరం వెంబడి భూమిని ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. కొన్ని నెలలకే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూముల్లో చాలావాటిని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. భూమి లేనివాళ్లు మళ్లీ అవే పొలాల్లో పాలుకు దిగి అప్పుల్లో చిక్కారు. పని లేకుండా తిరిగితే నేరమని దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు చేసి వాళ్లను పట్టుకున్నాయి. అప్పు కింద మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడాన్ని 1867లో అక్కడి కేంద్ర చట్టం నిషేధించాల్సి వచ్చింది. పద్నాలుగో సవరణ పౌరసత్వాన్ని, పదిహేనో సవరణ ఓటుహక్కును కాగితం మీద ఇచ్చాయి. 1877లో కేంద్ర సైన్యం వెనక్కి తగ్గాక దక్షిణాదిలో ఆ హక్కులను కాపాడేవాళ్లు కరువయ్యారు.

హాజరు పుస్తకం

తిరుగుతూ బతికేవాళ్లను అనుమానించే చట్టం మన దగ్గరా వచ్చింది. 1871లో నేరస్థ తెగల చట్టం పుట్టింది. 1911 సవరణతో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. 1920లలో నెల్లూరు జిల్లా యానాదుల మీదికీ వచ్చింది. ఏ నేరమూ చేయకపోయినా పోలీసు పుస్తకంలో పేరు ఉండేది. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. జిల్లాలో కావలి, కప్పరాళ్లతిప్పల్లో ఈ చట్టం కింద మనుషుల్ని కట్టడిలో ఉంచే సెటిల్మెంట్లు వెలిశాయి. కదలడానికి వీల్లేని మనిషి ఎవరో ఒక యజమాని నీడన బతకాల్సిందే. చట్టం, అప్పు కలిసి ఆ మనిషిని రెండువైపులా పట్టుకున్నాయి.

దీన్ని ఎదిరించినవాళ్లలో నెల్లూరు ప్రాంతపు స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు. యానాదుల్ని సంఘటితం చేసి, వాళ్ల జీవితాన్ని దగ్గరగా చూసి 1962లో ‘ది యానాదీస్’ అనే పుస్తకం రాశాడు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే ఆ చట్టం రద్దయింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఈ చట్టంపై విచారణ కమిటీ ఏర్పడింది. దాని సిఫారసుల తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఈలోగా 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయితే నిషేధం ఉన్నా శిక్ష వేసే ప్రత్యేక చట్టం రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

1976 చట్టం

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైంది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. అది చేసిన పనిలో గొప్పది ఏమిటంటే అప్పునే కొట్టివేయడం. వెట్టి అప్పు రద్దు, దాని కోసం దావా వేయడానికి వీల్లేదు, తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి రావాలి, ఉంటున్న ఇంటి నుంచి వెళ్లగొట్టకూడదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. వెట్టి చేయిస్తే మూడేళ్ల దాకా జైలు, రూ. 2000 దాకా జరిమానా. జిల్లాకు, డివిజనుకు ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ముగ్గురు ఉండాలి. విడుదలైనవాళ్ల వివరాలను రిజిస్టరులో రాయాలి. ఈ వ్యవస్థలోంచే, ఒక్కొక్కరి విముక్తికి అధికారి రాతపూర్వకంగా పూచీ ఇచ్చే ఆనవాయితీగా, విడుదల పత్రం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టాన్ని పల్లెలకు మోసుకెళ్లిన అధికారి ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతల్లో ఉండి, ఊరూరా తిరిగి, పాలేళ్లను కూర్చోబెట్టి మీ అప్పు రద్దయిందని చెప్పాడు. చట్టం తెలిస్తేనే మనిషి అడుగుతాడన్నది ఆయన పనిలో కనిపించే నమ్మకం.

కాగితం తర్వాత

సుప్రీంకోర్టు 1982లో, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా వెట్టేనని చెప్పింది. 1984లో నీరజా చౌదరి కేసులో, విడిపించి పునరావాసం చూపకపోతే వాళ్లు మళ్లీ వెట్టిలోకే పోతారని హెచ్చరించింది. విడుదలైనవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం 1978లో రూ. 4000తో మొదలై, 2000లో రూ. 20,000కు, 2016 నుంచి మగవాళ్లకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, అత్యంత దారుణ సందర్భాల్లో మూడు లక్షల దాకా పెరిగింది. అయితే పూర్తి సొమ్ము రావాలంటే యజమానికి శిక్ష పడాలి. కేసు ఏళ్లతరబడి సాగితే, మొదట అందే కొద్దిపాటి తక్షణ సాయంతోనే ఆ కుటుంబం నెట్టుకురావాలి. యజమానికి శిక్ష పడటం బాధితుడి చేతిలో ఉన్న పని కాదు. అతని హక్కును దానికి ముడిపెట్టడం అన్యాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటికి యానాదులు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో ఎందరికో ఇంటి పట్టా లేదు, కుల ధ్రువపత్రం లేదు, రేషన్ కార్డు లేదు. విడుదలైన మనిషి గుంట గట్టు దిగి ఎక్కడికి వెళ్లాలి? రాత్రి తలదాచుకోవడానికి జాగా కావాలి, మర్నాడు పని కావాలి, పిల్లల్ని చేర్చడానికి బడి కావాలి. అవి లేకపోతే అడ్వాన్సు ఇచ్చే చెయ్యి మళ్లీ ముందుకొస్తుంది. అమెరికాలో భూమి వెనక్కి తీసుకున్న రోజే సగం స్వేచ్ఛ పోయింది. మన దగ్గరా అంతే, అప్పు రద్దయినా ఆధారం చూపకపోతే అప్పు తిరిగొస్తుంది.

అందువల్ల అడగాల్సింది స్పష్టంగా ఉంది. డివిజను విజిలెన్స్ కమిటీ క్రమం తప్పకుండా కూర్చోవాలి, అందులో యానాది సభ్యులు ఉండాలి. రొయ్యల గుంటలు, ఇటుక బట్టీలు తనిఖీ చేయాలి. విడుదల పత్రం మీద ఆర్డీఓ సంతకం పెట్టిన రోజే ఇంటిస్థలం పట్టా, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, బకాయి కూలి అన్నీ ఆ కుటుంబం చేతికి రావాలి. అప్పుడే 1976 చట్టం కృష్ణపట్నం గట్టు మీద అమలైనట్టు.