నల్లగొండ ఎముకలు నేర్పిన పాఠం

మన ఇళ్ళల్లో ఎవరికైనా నడుంనొప్పి, మోకాళ్ళనొప్పి వస్తే చాలు, "ఏదైనా బలం మాత్ర పట్రా బేటా" అంటారు. ఖనిజ లవణాలు ఎముకకు అవసరమే, కాదనడం లేదు. కాని కొన్ని లవణాలు రవంత పాళ్ళలోనే మేలు చేస్తాయి. ఈ సంగతి మన గడ్డకు ఎంత ఖరీదు పెడితే తెలిసిందో మన పిల్లలు తెలుసుకోవాలి.

1937లో షార్ట్ మొదలైన డాక్టర్లు, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వెన్ను కొయ్యబారిన రోగులను పరీక్షించి, తాగే నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని తేల్చారు. 1955లో డాక్టర్ సిద్దిఖీగారు నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

అదే ఏడు డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. పొలాలు పచ్చబడ్డాయి. కాని కొన్ని ఊళ్ళ పిల్లల్లో, పడుచువాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే జబ్బు కనబడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగార్లు 1973లో దీన్ని లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. చిత్రమేమంటే, వెన్నెముక గట్టిపడుతుంటే కాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయి! ఊటనీరు పైకి రావడంతో నేల గుణం మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగిందనీ, అది ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపుతుందనీ ఆ సంస్థవారు వివరించారు.

ఇక్కడ ఎముకలు వంచిన ఫ్లోరైడునే అమెరికాలో ఎముకల అరుగుదలకు మందుగా వాడి చూశారు. 1990లో మేయో క్లినిక్ డాక్టర్లు 202 మంది పెద్ద వయసు స్త్రీలపై నాలుగేళ్ళ పరీక్ష ఫలితం ప్రకటించారు. ఫ్లోరైడు తీసుకున్నవారి వెన్నెముక చిక్కబడింది. కాని వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. చిక్కదనం వేరు, గట్టిదనం వేరు అన్నమాట.

మీజాన్, అంటే త్రాసు, అనే మాట మన పెద్దలకు కొత్తది కాదు. శరీరంలోనూ ఒక మీజాన్ ఉంది. నేడు చాలా ఊళ్ళకు కృష్ణానీళ్ళు వస్తున్నాయి. అయినా బోరునీళ్ళు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు మంచిది కాదు. డాక్టరు రాసిన మందు మానవద్దు, రాయని లవణం మాత్ర మింగవద్దు. కిడ్నీ జబ్బున్నవారు మరీ జాగ్రత్త, వారి ఒంట్లో ఫ్లోరైడు మరింతగా నిలిచిపోతుంది. అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.