అధికారి ఎవరు? (కెమికల్ ఇంజనీరింగ్ ఉన్నతవిద్య వాకిట)



తెలుగు పండితునికి కెమికల్ ఇంజనీరింగుతో పనియేమి అని మీరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ముప్పై ఏండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. రసాయన శాస్త్రంలో నా పాండిత్యం వంటింటి చింతపండు పులుసును దాటదు. అయినా 2004లో నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ శాస్త్రంలో ఎం.టెక్. ప్రవేశం కోసం పడిన పాట్లకు నేను ప్రత్యక్ష సాక్షిని. ఆనాడు ఒక కార్యాలయంలో బల్ల ముందు నిలబడి మేమిద్దరం విన్న మాట చాలాకాలం నన్ను వెంటాడింది. "నీకు అర్హత లేదు" అన్న ఆ మాటకు పూర్వచరిత్ర ఏమిటో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతూ వచ్చాను. చదివినదాన్ని ఈ టపాలో మీ ముందు ఉంచుతున్నాను.

మన శాస్త్రగ్రంథాలు ఆరంభంలోనే నాలుగు సంగతులు తేల్చి చెబుతాయి. వాటికి అనుబంధ చతుష్టయమని పేరు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ అధికారి అంటే కుర్చీలో కూర్చున్నవాడు కాదు, ఆ శాస్త్రాన్ని చదవడానికి తగినవాడు. వేదాంతంలో ఆ తగినవానికి చెప్పిన లక్షణాలు వివేకం, వైరాగ్యం, శమదమాదులు, తెలుసుకోవాలన్న తీవ్రమైన కోరిక. ఈ నాలుగింటిలో కాగితం మీద ముద్ర వేసి ఇవ్వగలిగినది ఒక్కటీ లేదు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుణ్ణి గురువు గోత్రమేమిటని అడిగాడు. తెలియదనీ, తన తల్లికీ తెలియదనీ బాలుడు ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆ సత్యమే చాలునని గురువు అతణ్ణి చేర్చుకున్నాడు. ప్రవేశార్హతల చరిత్రలో అంత పాత ఉదంతం, అంత మంచి ఉదంతం నాకు మరొకటి కనబడలేదు.

ఇక కెమికల్ ఇంజనీరింగు సంగతి. ఇది వయసులో చిన్న శాస్త్రం. ఇంగ్లండులో జార్జి డేవిస్ అనే ఆయన క్షార పరిశ్రమల తనిఖీదారుగా పనిచేశాడు. కర్మాగారాల చుట్టూ తిరిగి తిరిగి ఆయన ఒక విషయం గ్రహించాడు. సరుకులు వేరైనా వాటిని తయారుచేసే పనులలో పోలిక ఉన్నది. ఆ అనుభవంతో 1887లో మాంచెస్టరులో పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చాడు. మరుసటి ఏడు, అనగా 1888లో, అమెరికాలోని ఎం.ఐ.టి.లో లూయిస్ నార్టన్ అనే రసాయన శాస్త్రాచార్యుడు "పదవ కోర్సు" పేరిట ఈ విద్యను ప్రారంభించాడు. 1915లో ఆర్థర్ లిటిల్ ఈ శాస్త్రానికి మూలసూత్రం వంటి మాటను ప్రతిపాదించాడు. అదే "యూనిట్ ఆపరేషన్". చక్కెర కానీయండి, కిరోసిను కానీయండి, కాగితం కానీయండి, ఏ సరుకు తయారీ అయినా కాచడం, వడకట్టడం, ఆవిరి చేయడం, ఆరబెట్టడం, బట్టీపట్టడం వంటి కొన్ని మూలక్రియల కూర్పే అన్నది దాని సారాంశం. వేలాది పదాల వెనుక కొద్దిపాటి ధాతువులు ఉన్నట్లే కదా! వ్యాకరణం చదువుకున్నవాణ్ణి గనుక ఈ మాట చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ఈ శాస్త్రాన్ని నిలబెట్టిన పెద్దలలో ఈ శాస్త్రంలో పట్టా ఉన్నవారు ఎందరు? డేవిస్ కర్మాగారాలలో నేర్చుకున్నవాడు. నార్టన్ రసాయన శాస్త్రజ్ఞుడు. ఎం.ఐ.టి.లో ఈ విద్యకు రూపం దిద్దిన విలియం వాకర్, వారెన్ లూయిస్ ఇద్దరూ జర్మనీ వెళ్ళి రసాయన శాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నవారు. ఆర్థర్ లిటిల్ ఎం.ఐ.టి.లో చదివాడు గాని పట్టా పుచ్చుకోకుండానే బయటికి వచ్చాడు. ఈనాటి ప్రకటన ఒకదానిలో "కెమికల్ ఇంజనీరింగులో నాలుగేండ్ల డిగ్రీ తప్పనిసరి" అని ఉంటే, ఆ మహానుభావులలో చాలామంది దరఖాస్తు పరిశీలనలోనే తిరస్కృతులవుతారు.

ద్వారాలకు తలుపులు తరువాత వచ్చాయి. 1908లో ఏర్పడిన అమెరికన్ కెమికల్ ఇంజనీర్ల సంస్థ 1925లో పద్నాలుగు విద్యాసంస్థల బోధనను గుర్తించి జాబితా ప్రకటించింది. ఏ కళాశాల చదువు చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న విచారణకు అది నాంది. దానిలో తప్పు లేదు. పేలే గుణమున్న ద్రవాలతో, వందలాది మంది ప్రాణాలతో ముడిపడిన వృత్తి అది. ఎవరు పడితే వారు చేయరాదు. 1936లో కార్నెగీ ఫౌండేషన్ నాలుగు పెద్ద విశ్వవిద్యాలయాలతో కలసి ఒక ఉమ్మడి పరీక్షకు శ్రీకారం చుట్టింది. అదే జి.ఆర్.ఇ. వేర్వేరు కళాశాలల మార్కులను ఒకే తక్కెడలో తూచడం దాని ఉద్దేశ్యం. మన పిల్లలు రాత్రింబవళ్ళు ఇంగ్లీషు పదాల జాబితాలు వల్లెవేసిన పరీక్ష అదే.

నియమాలు రాయకుండానే మూసి ఉంచిన తలుపులు కూడా ఉంటాయి. ఎం.ఐ.టి.లో ఈ శాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి మహిళ మార్గరెట్ హచిన్‌సన్ రూసో. అది 1937. అంటే నార్టన్ తరగతి మొదలై అప్పటికి నలభై తొమ్మిదేండ్లు. ఆ తలుపు మరికొన్నేండ్లు మూసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిలిన్‌ను పెద్దయెత్తున తయారుచేసే కర్మాగారానికి రూపకల్పన చేసిన వ్యక్తి ఆమెయే.

ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన ఉదంతం మిన్నెసోటా విశ్వవిద్యాలయానిది. 1949 నుంచి పాతికేండ్లపాటు అక్కడి కెమికల్ ఇంజనీరింగ్ విభాగానికి నీల్ అమండ్‌సన్ అధిపతి. ఆయన ఈ శాస్త్రంలోనే ఎం.ఎస్. చేశాడు గాని డాక్టరేటు మాత్రం గణితంలో. పాత్రలలో జరిగే చర్యలను సమీకరణాలలో పట్టుకోవచ్చునని నమ్మినవాడు. ఇంగ్లండు నుంచి రూథర్‌ఫర్డ్ ఆరిస్ అనే యువకుడు వచ్చాడు. అతనికి ఉన్నది లండన్ విశ్వవిద్యాలయం వారు బయటి అభ్యర్థులకు ఇచ్చే గణితం డిగ్రీ. మన భాషలో ప్రైవేటుగా కట్టి ప్యాసైన డిగ్రీ అన్నమాట. కొన్నేండ్లు రసాయన కర్మాగార సంస్థలో ఉద్యోగం. డాక్టరేటు లేదు. 1958లో అతణ్ణి మిన్నెసోటాలో అధ్యాపకునిగా తీసుకున్నారు. డాక్టరేటు 1960లో వచ్చింది, అదీ లండన్ నుంచి బయటి అభ్యర్థిగానే. రసాయనిక రియాక్టర్ల గణితంలో ఆయన పేరు చెప్పనిదే పాఠం సాగదు. అంతటితో ఆగలేదు. ప్రాచీన లాటిన్ లిపుల పరిశీలనలో దిట్టయై, అదే విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషల విభాగంలోనూ ఆచార్యుడయ్యాడు. తాళపత్రాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివిన నాబోటివానికి ఈ సంగతి ఎంత ఊరట కలిగించిందో చెప్పలేను. ఆ విభాగానికే మన దేశం నుంచి, బొంబాయిలో బి.కెమ్.ఇంజ్. చదివిన దొరైస్వామి రామకృష్ణ వెళ్ళి 1965లో డాక్టరేటు పొందారు. తరువాత అమండ్‌సన్‌తో కలసి గ్రంథం వెలువరించారు.

మన దేశంలో ఈ విద్య ఎలా మొదలయింది? స్వదేశీ ఉద్యమం నుంచి పుట్టిన బెంగాలు జాతీయ విద్యా పరిషత్తు ఆధ్వర్యంలో, జాదవ్‌పూర్‌లో, 1921లో. అది సర్కారు వారి విశ్వవిద్యాలయం కాదు, దేశభక్తుల సంఘం. అది విశ్వవిద్యాలయంగా మారినది 1955లో. అక్కడి ఆచార్యుడైన హీరాలాల్ రాయ్ 1947లో భారతీయ కెమికల్ ఇంజనీర్ల సంస్థను స్థాపించాడు. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విభాగం వెలసింది. రసాయన శాస్త్రంలో బి.ఎస్సి. పూర్తిచేసినవారిని అక్కడ చేర్చుకొని బి.ఎస్సి.(టెక్.) ఇచ్చేవారు. మన వాల్తేరులోనూ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ దశకంలోనే రసాయన సాంకేతిక విద్యకు పునాది వేసింది. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది.

ఎం.టెక్. సీట్లకు దేశమంతటికీ ఒకే పరీక్ష 1983లో ఏర్పడింది. దాని పేరు గేట్. పేరులోనే ద్వారమున్నది. బెంగుళూరులోని విజ్ఞాన సంస్థ, ఏడు ఐ.ఐ.టి.లు కలసి దానిని నడుపుతున్నాయి. కెమికల్ ఇంజనీరింగ్ పత్రంలో ఉష్ణగతిశాస్త్రం, ద్రవప్రవాహం, ఉష్ణ బదిలీ, ద్రవ్య బదిలీ, రియాక్టర్లు, ప్రక్రియల నియంత్రణ, కర్మాగార రచన, అన్నిటికీ వెన్నెముకగా గణితం. మూడు గంటలు, నూరు మార్కులు. తప్పు రాస్తే కొన్ని ప్రశ్నలలో ఉన్న మార్కులూ పోతాయి.

ఇక నా శిష్యుని కథ. అతని తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. పదవ తరగతి తరువాత పిల్లవాడు పాలిటెక్నిక్‌లో కెమికల్ డిప్లొమా చేసి ఒక ఎరువుల కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగంలో చేరాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు చదువుకుంటూ ఏడేండ్లలో ఎ.ఎం.ఐ.ఇ. పూర్తిచేశాడు. ఉద్యోగం చేసుకుంటూ ఇంజనీరింగ్ చదవదలచినవారికి ఇంజనీర్ల సంస్థ నిర్వహించే పరీక్షలవి. డిగ్రీతో సమానమని అప్పట్లో కేంద్ర ప్రభుత్వపు ఉత్తర్వు ఉండేది. 2004లో గేట్ రాసి మంచి స్కోరు తెచ్చుకున్నాడు. "మాస్టారూ, మీరు కూడా రండి, ధైర్యంగా ఉంటుంది" అంటే నేనూ వెళ్ళాను.

బల్లకు అవతల ఉన్నాయన కాగితాలు తిరగేశాడు. స్కోరు చూసి తల ఊపాడు. తరువాతి కాగితం దగ్గర ఆగాడు.

"ఇది డిగ్రీ కాదండీ. ఏదో సంఘం ఇచ్చిన కాగితం. మా నియమాలలో బి.టెక్. అని ఉన్నది."

ప్రభుత్వ ఉత్తర్వు నకలు చూపించాం. చదవకుండానే వెనక్కి ఇచ్చాడు. "నీకు అర్హత లేదు, తరువాతివారు రండి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో చాలాసేపు మా ఇద్దరికీ మాట లేదు. చివరికి అతడే అన్నాడు. "మాస్టారూ, నా జవాబులు దిద్దిన యంత్రానికి నేనెక్కడ చదివానో అక్కర లేకపోయింది. మనిషికి కావలసి వచ్చింది."

ఆ మాట నాకు లోపల ఎక్కడో తగిలింది. నాది భాషాప్రవీణ. పాణినీయమూ చిన్నయసూరీ ఒడికట్టుకుని ఐదేండ్లు చదివిన చదువు. పదోన్నతి జాబితా తయారైనప్పుడు ఒక కార్యాలయంలో నాతోనూ అదే అన్నారు, "ఇది డిగ్రీ కాదు" అని. నలభై ఏండ్ల వయసులో, నా దగ్గర చదువుకున్న కుర్రవాళ్ళ పక్కన కూర్చుని డిగ్రీ ఇంగ్లీషు పరీక్ష రాశాను. అవమానం కన్నా ఎక్కువగా నన్ను బాధించినది, నాకు ఏమి వచ్చునో ఎవరూ అడగకపోవడం.

శిష్యుడు ఓడిపోలేదు. మరుసటి ఏడు మళ్ళీ గేట్ రాశాడు. ఈసారి వేరొక సంస్థ అతణ్ణి మౌఖిక పరీక్షకు పిలిచింది. కర్మాగారంలో బాయిలరు దగ్గర ఎదురైన ఒక సమస్య గురించి ముప్పావు గంట మాట్లాడించారట. సీటు ఇచ్చారు. ఇప్పుడతడు అదే విద్యను ఇతరులకు బోధిస్తున్నాడు. కొత్తగా చేరినవారిని మొదటిరోజు మార్కులు అడగనని నాతో అంటూ ఉంటాడు.

ఆ తరువాత నియమాలు రెండు దిక్కులకూ కదిలాయి. ఎ.ఎం.ఐ.ఇ.కి ఆ సమానత్వం 2013 మే 31 లోపల పేరు నమోదు చేసుకున్నవారికే పరిమితమయింది. నా శిష్యుడు నడిచిన దారి అతని వెనుకే మూసుకుపోయింది. అమెరికాలో 2020 నాటి మహమ్మారి తరువాత పలు విభాగాలు జి.ఆర్.ఇ.ని అడగడం మానుకున్నాయి. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారిని డాక్టరేటుకు చేర్చుకొని, కావలసిన మూలపాఠాలు ముందుగా చదివించే విభాగాలు అక్కడ ఉన్నాయి. మన గేట్ పరీక్ష రాయడానికి ఇప్పుడు ఇతర శాస్త్రాలవారికీ, కళల విద్యార్థులకూ వీలున్నది. అయితే పరీక్ష రాసే అర్హత వేరు, సీటు పొందే అర్హత వేరు. రెండవది ఆయా సంస్థల నియమాలను బట్టి ఉంటుంది. దరఖాస్తు చేసే పిల్లలు ఈ భేదాన్ని ముందే చూసుకోవాలి.

మార్కుల పత్రాలు, పరీక్ష స్కోరు, గురువుల సిఫారసు లేఖలు, తన ఉద్దేశ్యాన్ని తెలుపుతూ అభ్యర్థి రాసుకునే వ్యాసం. విదేశీ విశ్వవిద్యాలయాలు సాధారణంగా అడిగేవి ఇవి. మన తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే మార్కులు ప్రత్యక్షం. స్కోరును బట్టి రేపు ఎలా చదువుతాడో ఊహించడం అనుమానం. సిఫారసు లేఖ ఆప్తవాక్యం గనుక శబ్దప్రమాణం. ఉద్దేశ్యపత్రం అనుబంధ చతుష్టయంలోని ప్రయోజనం. ఒక్క ప్రమాణంతో తీర్పు చెప్పే తార్కికుణ్ణి మనం మెచ్చుకోము. ఒక్క కాగితంతో అధికారిని తేల్చే కార్యాలయాన్ని మాత్రం నియమపాలన చేస్తున్నదని ఎందుకు మెచ్చుకోవాలి?

తలుపు ఉండవద్దని నేననను. చదవలేనివాణ్ణి చేర్చుకోవడం వానికే అన్యాయం. తలుపు దగ్గర ఒక మనిషి ఉండాలనీ, ఆ మనిషి ఒక్క ప్రశ్నయినా అడగాలనీ మాత్రమే నా కోరిక. "ఏదో సంఘం ఇచ్చిన కాగితం" అన్న ఆ పెద్దమనిషికి, ఈ దేశంలో ఆ శాస్త్రాన్ని మొదట బోధించినదీ ఒక సంఘమేనని ఆనాడు చెప్పలేకపోయాను. అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది గనుక మీకు చెప్పుకున్నాను.

మీలో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. మీ మీ వాకిళ్ళ దగ్గర మీకెదురైన ప్రశ్నలేమిటో వ్యాఖ్యలలో రాయండి. చదువుతాను.

సెలవు.