తొర్రూరులో అద్దాల దుర్భిణి: వాడకం, జాగ్రత్తలు

తెలుగులో దుర్భిణి, ఉర్దూలో దూర్‌బీన్... మాట ఒకటే. ఫార్సీ నుంచి వచ్చింది, 'దూరాన్ని చూసేది' అని అర్థం. దుర్భిణుల్లో లెన్సులతో పనిచేసేవి ఒక రకం, అద్దంతో పనిచేసేవి మరో రకం. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీలోని 15 అంగుళాల దుర్భిణి లెన్సులది. తర్వాతి కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ రంగాపూర్‌లో పెట్టిన 48 అంగుళాలది అద్దం రకం. ఇప్పుడు పిల్లల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించే 114, 130 మిల్లీమీటర్ల టెలిస్కోపులు కూడా అద్దం రకానివే. వీటినే రిఫ్లెక్టర్ అంటారు.

గొట్టం అడుగున గిన్నెలా కాస్త లోతున్న పెద్ద అద్దం ఉంటుంది. అది పోగుచేసిన వెలుగును పైనున్న చిన్న ఏటవాలు అద్దం పక్కకు మళ్లిస్తుంది. అందుకే పక్క నుంచి చూడాలి. బొమ్మ తలకిందులుగా కనబడుతుంది, అది లోపం కాదు.

డబ్బా మీద '500 రెట్లు' అని రాసి ఉంటే నమ్మొద్దు. అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపే గరిష్ఠ హద్దు. మన గాలిలో అంతవరకూ వెళ్లే రాత్రులూ తక్కువే. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ మీద రాసిన అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలిసిపోతుంది. 900 మిల్లీమీటర్ల గొట్టానికి 25 ఐపీస్ పెడితే 36 రెట్లు, 10 పెడితే 90 రెట్లు. ఎప్పుడూ 25తోనే మొదలుపెట్టాలి. చంద్రుడి గుంతలు, గురుగ్రహం నాలుగు చందమామలు దానితోనే కనబడతాయి. శని వలయాలకు 10 వేసుకోవచ్చు.

తొర్రూరులో చాలామంది మేడ ఎక్కుతారు. ఎండాకాలం అది మంచి చోటు కాదు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది, గ్రహం నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. పైగా పక్కన ఎవరైనా నడిచినా గొట్టం అదురుతుంది. వరంగల్-ఖమ్మం రోడ్డు లైట్లకు దూరంగా ఉన్న మట్టి నేల, పొలం గట్టు పక్క చోటు మేలు. ఇంట్లోంచి తెచ్చాక అరగంట బయట ఉంచితే అద్దం చల్లబడి బొమ్మ నిలకడగా వస్తుంది.

పైనున్న చిన్న ఫైండర్‌ను పగలే సరిచేసుకోవాలి. సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా ఉన్న సెల్ టవర్ కొననో తాటిచెట్టు మొవ్వునో టెలిస్కోపులో మధ్యకు తెచ్చి, ఫైండర్‌లోనూ అదే మధ్యలో కనబడేలా మరలు తిప్పాలి. ఈ పని చేయక 'ఏమీ కనబడట్లేదు' అని అటక మీద పడేసేవాళ్లే ఎక్కువ. ఈక్వటోరియల్ స్టాండ్ అయితే అక్షాంశం సూచీని 17న్నర దగ్గర పెట్టి, ఆ ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు తిప్పాలి. ఇక్కడ ధ్రువుడు ఉత్తరాన చాలా కిందే, చాచిన చేతి పిడికిళ్లు రెండు కంటే కాస్త తక్కువ ఎత్తులో ఉంటాడు.

అసలు ప్రమాదం నెలవంక చూసే సాయంత్రాల్లో ఉంది. 29వ రోజు మగ్రిబ్‌కు ముందే మేడల మీద జనం చేరతారు. టెలిస్కోపు ఉంటే పిల్లలు దాన్ని పడమటికి తిప్పుతారు. కొత్త నెలవంక సూర్యుడికి దగ్గర్లోనే ఉంటుంది. సూర్యుడి అంచు ఒక్క క్షణం ఐపీస్‌లోకి వచ్చినా కన్ను శాశ్వతంగా పోవచ్చు, నొప్పి కూడా తెలియదు. కాబట్టి సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా మూత తీయకూడదు. ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల ఫిల్టర్ డబ్బాలో వస్తే పారేయడమే మంచిది, అది వేడికి పగులుతుంది. ముందురోజు రాత్రి ఏదైనా నక్షత్రం మీద ఫోకస్ చేసి, ఆ చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. ఫోకస్ తప్పితే సన్నటి నెలవంక అసలు కనబడదు. నెల కనబడిందా లేదా అన్న ప్రకటన మాత్రం రుయతే హిలాల్ కమిటీ పని, టెలిస్కోపుది కాదు.

అద్దం పాడయ్యేది దుమ్ముతో కాదు, తుడిచే గుడ్డతో. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది, దీనికి పైనే. పలుచటి అల్యూమినియం పొర అది. వరికోతల దుమ్ము కాస్త పడినా బొమ్మలో తేడా తెలియదు. కెమెరా వాళ్లు వాడే రబ్బరు బ్లోయర్‌తో ఊదితే చాలు, నోటితో ఊదితే తుంపరలు పడతాయి. మరీ మసకబారితే, అదీ కొన్నేళ్లకొకసారి, అద్దం విప్పి నీళ్లు ధారగా పోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచిన దూదిని నొక్కకుండా ఒకసారి జారవిడవాలి. బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు పడతాయి కాబట్టి చివర డిస్టిల్డ్ వాటర్ పోసి, నిలబెట్టి ఆరనివ్వాలి.

విప్పి బిగించాక అద్దాల వరస తప్పుతుంది. ధ్రువ నక్షత్రాన్ని మధ్యకు తెచ్చి ఫోకస్ కాస్త చెడగొడితే వెలుగు గారెలా, మధ్యలో నల్ల చుక్కతో కనబడుతుంది. ఆ చుక్క ఒక పక్కకు జరిగితే, వెనకున్న మూడు మరల్లో ఒకదాన్ని పావు చుట్టు తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి చూడాలి. ఓపిక పని.

వానాకాలం అద్దం మీద, ఐపీస్ లోపల బూజు పడుతుంది. మంచు పట్టిన గొట్టానికి వెంటనే మూత వేయకుండా ఆరాకే వేయాలి. లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అవి తేమ పీల్చాక మార్చుతుండాలి.