ఎల్ల మీది మెట్ట: జగ్గయ్యపేట, నందిగామల గుణం

ఉమ్మడి కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరి మళ్లు, కూచిపూడి గుర్తుకొస్తాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. అప్పటి నుంచి డెల్టా ముఖమే జిల్లా ముఖమైంది. రెడ్డిగూడెం మామిడి తోటల నుంచి నందిగామ, జగ్గయ్యపేటల దాకా పరుచుకున్న మెట్టకు ఆ నీళ్లలో వాటా లేదు. అందుకే దీన్ని వెనకబడిన మూలగా, డెల్టాకు పేద చుట్టంగా చెప్పుకోవడం పరిపాటి అయింది. ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ సీమ గుణాన్ని మలిచింది సరిహద్దు. అవతలి వాళ్లను పరాయివాళ్లనుకోని మనుషులను ఈ మెట్ట పదే పదే కన్నది.

నిజాం రాజ్యానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ నడుమ గీత ఇక్కడ ఎన్నడూ తిన్నగా లేదు. కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా. వజ్రాల గనులకు పేరుపడ్డ పరిటాల, దాని పక్క ఊళ్లు కొన్ని మాత్రం బ్రిటిష్ నేల మధ్యలో నిజాం చేతిలో ఉండేవి. అటు ముక్క ఇటూ, ఇటు ముక్క అటూ పడి ఉన్న చోట మనుషులు ఇద్దరు ప్రభువుల కింద ఒకే బతుకు బతికారు. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గీత దాటి భువనగిరిలో, ఆపైన నాగపూరులో చదివాడు, మునగాల సంస్థానంలో దివానుగా చేశాడు. ఆ సంస్థానాధిపతి నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటి వారితో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబెట్టాడు. నిజాం రాజధానిలో తెలుగు చదువుకు అదొక ఆధారమైంది. నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు విశాలాంధ్ర కోసం పాటుపడి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయ్యాడు. జగ్గయ్యపేట పక్కనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ దగ్గర ఆనకట్ట కావాలని పట్టుబట్టి తిరిగాడు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ అదే.

ముగ్గురు పెద్దమనుషులను చూపి సీమ స్వభావం ఇదంటే చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు. లక్ష్మణరావు చూపు విశాలమైంది నాగపూరులో పెరగడం వల్లేనని కూడా అనవచ్చు. నాగపూరు పాత్రను నేను కాదనను. కానీ నాగపూరులో చదివినవాడు మునగాలకే వచ్చి, అక్కడి నుంచి హైదరాబాదు వైపు ఎందుకు చూశాడన్నది నాగపూరు చెప్పదు, ఈ మెట్ట చెబుతుంది. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. జగ్గయ్యపేట ఈ సరిహద్దు కంటే ఎంతో పాతది. బేతవోలు అనే ఊరికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టడానికి చాలా ముందే, ధనబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం వెలిసింది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఆయక స్తంభాలు నిలిపాడని శాసనం చెబుతోంది. నిజమే, గీత కంటే ముందు బాట ఉంది. గోల్కొండ నుంచి బందరు రేవుకు సరుకులు ఈ మెట్ట మీదుగానే నడిచాయి. అలా నడిచే బాటకు అడ్డంగా పడింది కనుకనే ఇక్కడి సరిహద్దు జనాన్ని విడదీయలేకపోయింది. ఎవరూ నడవని అడవిలో గీసిన గీతకు ఈ చరిత్ర ఉండేది కాదు.

గీత మేలే చేసిందని మాత్రం ఎవరూ అనకూడదు. 1956లో చెరిగిన ఎల్ల 2014 జూన్ 2న మళ్లీ వచ్చింది. 2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్ వేళ, హైదరాబాదు నుంచి ఇళ్లకు బయలుదేరిన వాళ్లు సరిహద్దులోని గరికపాడు దగ్గర ఆగిపోయారు. 2021 మేలో కరోనా రోగులతో వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో నిలిపేశారు, హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. వైద్యానికీ ఉద్యోగానికీ హైదరాబాదు దారే పట్టిన ఊళ్లకు అది పెద్ద దెబ్బ. అయినా సాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం పొలాలు దాటాకే నందిగామ మెట్టకు చేరుతుంది. ఎగువ వాళ్లతో మాట మంచిగా ఉంచుకోవడం చివరి భూముల రైతుకు ఇప్పటికీ పంట ప్రశ్నే.