నొప్పి కంటే ముందు వచ్చే భయం

కాన్పు మొదలైందని చెప్పాలంటే మనం "నొప్పులొచ్చాయి" అంటాం. దానికి తోడు ప్రసవం ఆడదానికి పునర్జన్మ అనే మాట ఉండనే ఉంది. కడుపుతో ఉన్న పిల్లకి సీమంతం చేస్తాం, గాజులు తొడుగుతాం, నోటికి రుచైనవి వండి పెడతాం. కానీ ఆ రోజు ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం కూర్చోబెట్టి చెప్పం. అలా చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని డాక్టర్లు గుర్తించడానికే చాలా కాలం పట్టింది.

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు పురుళ్ళలో క్లోరోఫామ్ వాడాడు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పులో అదే తీసుకుంది. ఆడవాళ్ళు నొప్పి భరించి తీరాలనే పాత నమ్మకానికి అది పెద్ద దెబ్బ.

తర్వాత కొన్ని దశాబ్దాలకి గ్రాంట్లీ డిక్-రీడ్ అనే కుర్ర డాక్టరు లండన్‌లోని వైట్‌చాపెల్ పేటలో ఓ పేదింటికి పురుడు పోయడానికి వెళ్ళాడు. క్లోరోఫామ్ ఇస్తానంటే ఆవిడ వద్దంది. ఎందుకని తర్వాత అడిగితే, నొప్పి లేదనీ, ఉండాలని కూడా లేదు కదా అనీ ఆయన్నే ఎదురడిగిందట. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. భయపడితే ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పితో భయం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెలివిడితో తెంచవచ్చని 1933లో పుస్తకం రాశాడు.

సోవియట్ డాక్టర్లు ఇదే పనిని పావ్లోవ్ సిద్ధాంతం ఆధారంగా చేశారు. 1951లో అక్కడికి వెళ్ళి చూసొచ్చిన ఫెర్నాండ్ లమాజ్, పారిస్‌లో లోహ కార్మికుల సంఘం నడిపే ప్రసూతి ఆస్పత్రిలో గర్భిణులకి తరగతులు పెట్టాడు. గర్భసంచి ఎలా పనిచేస్తుందో, ఒళ్ళు ఎలా వదులు చేసుకోవాలో, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పేవారు. "నొప్పి" అనకుండా "సంకోచం" అనమనేవారు. మాటే సగం భయం పెడుతుందని వాళ్ళ లెక్క. లమాజ్ పద్ధతిలో కాన్పయిన మార్జరీ కార్మెల్ అనే అమెరికన్ 1959లో తన అనుభవాన్ని పుస్తకంగా రాసింది. మరుసటి ఏడాది ఎలిజబెత్ బింగ్‌తో కలిసి అమెరికాలో ఓ సంఘం పెట్టింది. ఇప్పటి "లమాజ్ క్లాసులు" అలా వ్యాపించినవే.

ఈ కథలో మనకి నచ్చని భాగం కూడా ఉంది. నొప్పే లేని ప్రసవం అని చెప్పడంతో, అరిచినవాళ్ళు తప్పు చేసినవాళ్ళలా కనిపించారు. ఎంత కదిలారు, ఎంత అరిచారు అన్నది చూసి లమాజ్ ఆడవాళ్ళకి మార్కులు వేసేవాడని, ఆ మార్కులు "అద్భుతం" నుంచి "పూర్తి వైఫల్యం" దాకా ఉండేవని ఇంగ్లండుకు చెందిన షీలా కిట్జింగర్ రాసింది. బిడ్డని కన్న తల్లిని ఫెయిలైందనడం కంటే అన్యాయం ఏముంటుంది?

తరగతులకి వెళ్తే భయం తగ్గుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. నొప్పి విషయంలో మాత్రం ఫలితాలు అంత ఒక్కతీరుగా లేవు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తట్టుకునే ధైర్యం వస్తుంది, కొందరికి మందు కావాల్సిందే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో ఊపిరి పద్ధతులూ ఉన్నాయి, అడిగినవాళ్ళకి ఎపిడ్యూరల్ ఇంజెక్షనూ ఉంది. కాన్పు సమయంలో తనకి నచ్చిన మనిషి పక్కన ఉండాలని కూడా అందులో ఉంది.

మన ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే సీమంతం నాటికే ఈ కబుర్లు మొదలెడదాం. సంకోచాలు వచ్చి పోతుంటాయనీ, మధ్యలో విశ్రాంతి దొరుకుతుందనీ చెబుదాం. మందు అడగడం పిరికితనం కాదనీ, ఆపరేషన్ అయితే ఓడిపోయినట్టు కాదనీ కూడా అప్పుడే చెబుదాం. అరవాలనిపిస్తే అరవనిద్దాం.