సూరత్‌లో ఒక గోలీల పొట్లం

సూరత్ అనగానే రాజకీయాలు రాసేవారికి రెండు సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. 1907 డిసెంబరులో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభ చెప్పులు, కుర్చీల రభసతో ముగిసి మితవాదులూ అతివాదులూ విడిపోయారు. 2024 ఏప్రిల్‌లో కాంగ్రెసు అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, తక్కినవారంతా బరినుంచి తప్పుకోగా, పోలింగు లేకుండానే భాజపా అభ్యర్థి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ రెండవ ఘట్టం గురించి తెలుగు నేతకార్మికులు ఏమనుకుంటున్నారో విందామని నేను లింబాయత్ వెళ్ళాను. అక్కడివారికి మాత్రం ఓటు ఉంది. ఆ శాసనసభ స్థానం పక్కనున్న నవ్‌సారి లోక్‌సభ పరిధిలోకి వస్తుంది. ఇంత చిన్న సంగతి కూడా తెలియకుండా వెళ్ళినందుకు నన్ను చూసి నవ్వుకున్నవారిలో డెబ్బై దాటిన ఒక పద్మశాలి పెద్దాయన ఉన్నాడు. వరంగల్ ప్రాంతం నుంచి యువకుడిగా వచ్చి, మరమగ్గాల మధ్య నిలబడి జుట్టు నెరసినవాడు. ఇప్పుడు మగ్గం నడిపే ఓపిక లేక కండెలు చుడుతున్నాడు.

మాటల మధ్యలో ఆయన జేబులోంచి ఒక కాగితపు పొట్లం తీశాడు. "ఇది మోకాళ్ళకు, ఇది నడుముకు, గీ తెల్లది గ్యాసుకు. గీ రెండు బీపీవి బిడ్డా, పెద్ద దవాఖానోళ్ళు రాసిచ్చిండ్రు" అన్నాడు. మోకాళ్ళ గోలీ అట్టమీద డైక్లోఫెనాక్, పారాసిటమాల్ అని ఉంది. నడుము గోలీ అట్టమీద ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ అని ఉంది. పేర్లు వేరు, కంపెనీలు వేరు. పనిచేసే తీరు ఒక్కటే. బీపీ మందుల్లో ఒకటి టెల్మిసార్టన్, రెండవది మూత్రం ఎక్కువ పోయేలా చేసేది.

నేను వైద్యుణ్ణి కాను. కానీ ఆ అయిదు గోలీలు ఒక వృద్ధదేహంలో కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం ఎప్పుడో మాటలు సిద్ధం చేసింది. ఈ తరహా నొప్పిమందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని జాన్ వేన్ 1971లో నిరూపించారు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పదార్థాలు నొప్పినీ వాపునూ పెంచడమే కాదు, జీర్ణాశయపు పొరను కాపాడతాయి, కష్టకాలంలో మూత్రపిండాలకు రక్తం అందేలా చూస్తాయి. ఒకే జాతి మందులు రెండు వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపులో రక్తస్రావపు ముప్పు మాత్రం పెరుగుతుంది. వాటికి టెల్మిసార్టన్ వంటి మందూ, మూత్రం పోయించే మందూ తోడైతే, వడగాలి రోజునో విరేచనాలు పట్టుకున్న రోజునో మూత్రపిండాలు హఠాత్తుగా మొరాయించవచ్చు. వయసుతో వాటి వడపోత శక్తి ఎలాగూ తగ్గుతుంది. రెండు అట్టలలోనూ దాగిన పారాసిటమాల్‌ను ఎవరూ కూడి చూడరు. దానికి జలుబు గోలీలోనిదీ కలిస్తే కాలేయం మీద పడే భారం ఇంకొకటి.

శ్రామికుడు నిలబడటానికి నొప్పిమందుల మిశ్రమాన్ని ఆశ్రయించడం సూరత్‌తో మొదలైన కథ కాదు. స్వీడన్‌లో హుస్క్‌వర్నా అనే ఊళ్ళో తుపాకులు, కుట్టుమిషన్లు చేసే పెద్ద కర్మాగారం ఉండేది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా కాలంలో యోర్టన్ అనే స్థానిక వైద్యుడు ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపి ఒక పొడి రాసిచ్చాడు. జ్వరాలు పోయాయి, పొడి మిగిలింది. అలసట తెలియకుండా పని సాగుతుందని కార్మికులు దానిని దశాబ్దాలపాటు రోజువారీగా వాడారు. ఆ ఊరివారిలో మూత్రపిండాల వ్యాధి మరణాలు ఎందుకు ఎక్కువయ్యాయో 1963లో గ్రిమ్లండ్ ప్రచురించిన పరిశోధన బయటపెట్టింది. అంతకు పదేళ్ళ ముందే, 1953లో, స్పూలర్, జోలింగర్ అనే స్విస్ వైద్యులు నొప్పిమందుల వాడకందారుల మూత్రపిండాలలో ఇటువంటి హానినే గుర్తించారు. గడియారాల కర్మాగారాల శ్రామికులు ఆ చరిత్రలో పదేపదే కనిపిస్తారు. ఆస్ట్రేలియాలో ఇదే పని ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్ పొడులు చేశాయి. అక్కడ ప్రిసిల్లా కింకెయిడ్-స్మిత్ అనే వైద్యురాలు ఏళ్ళతరబడి పోరాడగా 1979లో ఆ మిశ్రమాల బహిరంగ విక్రయానికి కళ్ళెం పడింది. ఈ మూడు చోట్లా మందు పుచ్చుకున్నది యవ్వనంలో, నడివయసులో, చెల్లించుకున్నది వార్ధక్యంలో.

మన దేశం ఫెనాసెటిన్‌ను 1983 జులైలో నిషేధించింది. అంతకు ఏడాది ముందు, 1982లో, ఔషధ చట్టంలో 26ఎ సెక్షన్ చేర్చి, హానికరమైన లేదా హేతువు లేని మందులను నిషేధించే అధికారాన్ని కేంద్రం తెచ్చుకుంది. అసలు ఈ ఆలోచనకు మూలపురుషుడు ఒక గుజరాతీ. జయసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన 1974లో ఏర్పడి 1975లో నివేదిక ఇచ్చిన సంఘం, 117 అత్యవసర ఔషధాలుంటే దేశానికి చాలావరకు సరిపోతుందని జాబితా కట్టింది. ఆ నివేదికను అందరూ పొగిడారు. తరువాతి నాలుగు దశాబ్దాలలో అంగడిలో జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఎలా జరిగిందన్నది సమాఖ్య వ్యవస్థను గమనించేవారికి ఆసక్తి కలిగించే విషయం. కొత్త మిశ్రమానికి ఆమోదం కేంద్రం ఇవ్వాలి. తయారీ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. కేంద్రం ఆమోదం లేకుండానే రాష్ట్రాల అధికారులు లైసెన్సులు జారీచేస్తూ వచ్చారని ఆరోగ్య శాఖ పార్లమెంటరీ స్థాయీసంఘం 2012 మేలో తన 59వ నివేదికలో దుయ్యబట్టింది. ప్యాట్రీషియా మెక్‌గెటిగన్ బృందం 2015లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఈ వాపు తగ్గించే నొప్పిమందుల మిశ్రమాలు 124 విపణిలో ఉంటే, కేంద్ర ఆమోదపు దాఖలా దొరికినవి 34 మాత్రమే.

చంద్రకాంత్ కోకాటే సంఘం సిఫారసుపై 2016 మార్చి 10న కేంద్రం ఒక్క వేటుకు 344 మిశ్రమాలను నిషేధించింది. కోకాటే కాకతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుడు. వరంగల్ నేతగాడు సూరత్‌లో మింగే గోలీల లెక్క వరంగల్‌లో పాఠాలు చెప్పిన మనిషి చేతిమీదుగా తేలవలసి రావడం యాదృచ్ఛికమే. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి, 454 పిటిషన్లు. డిసెంబరు 1న నిషేధం కొట్టివేతకు గురైంది. చట్టబద్ధమైన సలహామండలిని సంప్రదించలేదన్నది కారణం. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చినా, మందులను ఆ మండలి చేత మళ్ళీ పరీక్షింపజేయమంది. 1988కి ముందునుంచీ తయారవుతున్నాయన్న 15 మిశ్రమాలకు ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలు మళ్ళీ నిషేధమయ్యాయి. 2023లో 14, 2024 ఆగస్టులో 156. ఈ చివరి జాబితాలో 50 మిల్లీగ్రాముల ఎసిక్లోఫెనాక్, 125 మిల్లీగ్రాముల పారాసిటమాల్ గోలీ ఉంది. పెద్దాయన పొట్లంలో ఉన్నది 100, 325 మోతాదులది. ఆ జాబితా దాని జోలికి పోలేదు.

పోల్చి చూడవలసిన మరొక కథ ఉంది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువుల వాడకానికి దానిని నిషేధించారు. పార్సీల దఖ్మాలను రాబందులు ఖాళీచేసిన తరువాతే అయినా, రెండేళ్ళలో నిర్ణయం జరిగింది. రాబందుల పక్షాన శాస్త్రజ్ఞులు నిలిచారు. వాటికి నొప్పిమందు అమ్ముకునే వ్యాపారమేదీ ఎదురుగా లేదు. మనుషుల మిశ్రమాల వ్యాజ్యాలలో ఒకవైపు కంపెనీలు, మరొకవైపు ప్రభుత్వం. వాదమంతా చట్టప్రక్రియ మీద. అయిదు మందులు ఒకేసారి వాడే డెబ్బై ఏళ్ళ రోగి ఆ తక్కెడలో ఏ పళ్ళెంలోనూ లేడు. మిశ్రమం లోపల రెండు మందులు పొసగుతాయా లేదా అని సంఘాలు తూచాయి. ఆ మిశ్రమం పక్కన జేబులో ఉన్న మరొక మిశ్రమంతో పొసగుతుందా అన్న ప్రశ్నకు గెజెట్‌లో చోటు లేదు. దానిని తూచవలసింది రాసే వైద్యుడు, అమ్మే దుకాణదారు. పెద్దాయనకు మోకాళ్ళ మందు ఒకచోట, బీపీ మందు ఇంకొకచోట రాశారు. నడుము గోలీ ఎవరూ రాయలేదు, దుకాణంలో అడిగితే ఇచ్చారు.

అన్ని కలయికలూ చెడ్డవని ఎవరూ అనడం లేదు. కోకాటే సంఘం కూడా కొన్నింటిని హేతుబద్ధమైనవేనని ఒప్పుకుంది. నొప్పిని పట్టించుకోకపోవడం కూడా హానే: నిద్ర ఉండదు, నడక తగ్గుతుంది, పడిపోయే భయం పెరుగుతుంది. నగరాలలో కూర్చుని మందులు మానండని వృద్ధులకు చెప్పే వ్యాసాలు నాకు నచ్చవు. మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల పాళీ ఉన్నచోట గోలీ అంటే పని చేయగల ఇంకొక రోజు.

బీపీ మందులు మాత్రం సొంతంగా ఆపవద్దనీ, అట్టలన్నీ పట్టుకెళ్ళి ఆ దవాఖానా వైద్యుడికి ఒకేసారి చూపించమనీ చెప్పాను. "రెండు ఒక్కటేనా?" అని ఆయన రెండు అట్టలనూ వెలుతురులోకి ఎత్తి చూశాడు. వాటిమీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మోకాళ్ళ అట్టను పొట్లంలోంచి తీసి విడిగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు, నేను వచ్చిన పనితోనూ గోలీలతోనూ సంబంధం లేనట్టుగా, అడిగాడు: "ఊరికొస్తే నేతపింఛను నాకిస్తరా బిడ్డా? ఆడ రేషన్ కార్డు ఎన్నడో తీసేసిండ్రు."